అయింది సార్

సుదర్శన్ సార్ పాఠం చెబుతుండగా ఆ గది ముందు నుంచి నడిచిపోతే లోపల పిల్లలున్నారనే అనిపించేది కాదు. నలభై ముగ్గురు పిల్లలు, వినిపించేది ఒక్క గొంతు. మధ్యమధ్యలో సుద్దముక్క బోర్డు మీద గీరుకున్న చప్పుడు. పావుగంటకొకసారి ఆయన వెనక్కి తిరిగి "అర్థమయిందా?" అనేవారు. "అయింది సార్!" అని నలభై ముగ్గురూ ఒక్కసారే అనేవాళ్ళు. మళ్ళీ సద్దు మణిగిపోయేది.

పక్క గదిలో నేను తెలుగు చెప్పేదాన్ని. నా తరగతి సంత. అధికారులెవరైనా బడి చూడటానికి వస్తే మా హెడ్మాస్టరు వాళ్ళను నా గది దాటించి, లెక్కల గదికి తీసుకుపోయేవారు. నాకు కొంచెం చిన్నతనంగానే ఉండేది.

ఆయనతో కలిసి పదకొండేళ్ళు పనిచేశాను. నెక్కొండలో రైలు దిగి ఆటోలో ఆరు కిలోమీటర్లు పోతే మా హైస్కూలున్న ఊరు. మా ఇల్లు శివనగర్‌లో, ఆయనది ఖిలా వరంగల్‌లో. పొద్దున ప్యాసింజరుకు ఇద్దరం ఒకే పెట్టె ఎక్కేవాళ్ళం. ఆయన చేతిలో ఒక గుడ్డసంచి, దానిలో టిఫిను డబ్బా, ఒక అట్టపెట్టె నిండా సుద్దముక్కలు. బడిలో ఇచ్చేవి గరగరమంటాయని తనవి తానే కొనుక్కునేవారు. పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు రెండు నెలలు ఆదివారాలు కూడా వచ్చేవారు. కంపాసు పెట్టె లేని పిల్ల ఎవరో ఎవరికీ చెప్పకుండా కనిపెట్టి, మరునాడు ఆ పిల్ల సంచిలో ఒకటి పెట్టేవారు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆయన మంచివాడు కాడని ఎవరూ అనుకోకూడదు.

ఆయన తండ్రికి కోట దర్వాజా దగ్గర కిరాణా కొట్టు ఉండేదట. "మా నాయిన గల్లాపెట్టె ఇడిసి ఇద్దరికే లేసి నిలబడేది మేడం. ఒకటి నాకు సదువు చెప్పిన సార్‌కు, రెండు బజార్ల పోయే శవానికి" అని చెప్పేవారు. ఏడో తరగతిలో ఉండగా ఆయన ఒకసారి తన సార్‌ను ఒక ప్రశ్న అడిగారట. రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకొస్తుంది అని. సార్ చెంప మీద ఒకటిచ్చి, "నేను చెప్పిన గనుక వస్తది" అన్నారట. ఇంటికి పోయి చెప్పుకుంటే తండ్రి రెండో చెంప వాయించాడట. సారును ఎదురడుగుతావా అని. ఈ ముచ్చట ఆయన బాధగా చెప్పేవారు కాదు, నవ్వుతూ, కొంచెం గర్వంగా చెప్పేవారు. "గా దెబ్బతోనే నాకు లెక్కలొచ్చినయి మేడం."

"ఇంతకూ ఎందుకొస్తుంది సార్?" అని నేనడిగితే మాత్రం, కిటికీలోంచి బయటికి చూసి, "సూత్రం మేడం అది" అన్నారు.

ఆయన పిల్లల మీద చెయ్యి వేసేవారు కాదు. ఆ అవసరమే రాలేదు. గుమ్మంలో నిలబడితే చాలు, పిల్లలు ఊపిరి బిగపట్టేవాళ్ళు.

2022లో హనుమకొండలో మాకు మూడు రోజుల శిక్షణ జరిగింది. పాఠం చెప్పడానికి వచ్చిన కుర్ర ఉపాధ్యాయుడు మంచి ఉత్సాహవంతుడు. కొన్ని దేశాల్లో పిల్లలు టీచరును పేరు పెట్టి పిలుస్తారనీ, అర్థం కాకపోతే మధ్యలోనే ఆపి అడుగుతారనీ, టీచరు పొరపాటు చేస్తే అక్కడికక్కడే చెబుతారనీ అన్నాడు. మన పిల్లలు మాట్లాడరు, మనం మాట్లాడనివ్వం, ఇది మన అలవాటులోనే ఉంది అన్నాడు. గదిలో ఉన్న అరవై మంది టీచర్లం నోట్సు రాసుకున్నాం. చివరన అతను "ఏమైనా సందేహాలున్నాయా?" అని అడిగాడు. ఎవరమూ లేవలేదు. అందరికీ బస్సుల తొందర.

తిరిగి వస్తూ సుదర్శన్ సార్ చాలాసేపు నవ్వుకున్నారు. "సార్‌ను పేరు పెట్టి పిలిచే పోరగాండ్లకు భయమేడుంటది? భయం లేకుంటే భక్తి ఏడుంటది? వాళ్ళది వేరే మేడం. మన దగ్గర గురువు ముందట నోరు తెరువకపోవుడే మర్యాద."

నేను ఔననే అన్నాను.

ఆ మాటనాటికి నవ్య మా బడికి వచ్చి ఏడాది దాటింది.

కరోనా మూతల తరువాత బడులు తెరిచిన సెప్టెంబరులో ఎనిమిదో తరగతిలో చేరింది. తండ్రి రాయమల్లు కౌలుకు మిరపతోట చేసేవాడు. తల్లి యాకమ్మ కూలికి పోయేది. యాకమ్మే పిల్లను వెంటబెట్టుకొని వచ్చింది. స్టాఫ్‌రూము గడపకు అవతలే చెప్పులు విడిచి, లోపలికి రమ్మన్నా రాకుండా, చేతులు కట్టుకొని నిలబడింది.

"సారూ, కండ్లు రెండు ఇడిసిపెట్టుండ్రి. తతిమ్మదంత మీ ఇష్టం. తోలు వలిచినా నేను అడుగ" అన్నది సుదర్శన్ సార్‌తో.

మా దిక్కు ప్రతి తల్లీ అనే మాటే అది. ఆయన అలవాటుగా నవ్వి, "గట్లనే లే అమ్మా" అన్నారు.

నవ్య పొడగరి. ఎత్తును బట్టి కూర్చోబెట్టే పద్ధతి కాబట్టి చివరి బల్లకు పోయింది. పక్కన మానస. అదే వాడ పిల్ల, చిన్నప్పటి జంట. నవ్యకు నోటిలెక్కలు మెరుపు. పదిహేడో ఎక్కం వరకూ తడుముకోకుండా చెప్పేది. మొదటి పరీక్షలో పాతికకు ఇరవై రెండొచ్చాయి. "ఈ పిల్ల మనకు పేరు తెస్తది మేడం" అని రైలులో నాతో అన్నారు.

మరుసటి ఏడాది, తొమ్మిదిలో, మార్కులు జారడం మొదలైంది. విచిత్రమైన తప్పులు చేసేది. ఎనిమిదిని మూడు అని దించుకునేది. బోర్డు మీద లెక్క మూడు వరుసలుంటే రెండే రాసుకునేది. దించుకున్న తప్పు లెక్కను మాత్రం సరిగ్గా చేసేది. సార్‌కు అది పొగరుగా కనబడింది, కాకపోతే అజాగ్రత్తగా.

"ప్రశ్ననే తప్పు రాసుకున్నంక జవాబు ఎట్ల సరైతది? ధ్యాస ఏడ పెట్టినవ్?" అని లేపి నిలబెట్టేవారు.

"తప్పయింది సార్" అనేది నవ్య, తల వంచుకొని. అంతకు మించి ఒక్క ముక్క అనేది కాదు.

నా తరగతిలో మాత్రం ఆ పిల్ల బంగారం. పాఠం చదవమంటే పుస్తకం పట్టుకొని గడగడా చదివేది. ఒకరోజు చదువుతుంటే పక్కకు వెళ్ళి చూశాను. తెరిచిన పుట వేరు, చదువుతున్న పాఠం వేరు. నేను ఫక్కున నవ్వాను. "అబ్బో, పాఠమంతా కంఠస్థమే! చూడండే, చదువంటే ఇట్లుండాలె" అని తరగతికంతా చూపించి మెచ్చుకున్నాను. నవ్య సిగ్గుపడి, వేళ్ళతో తడిమి పుట తిప్పింది. రోజూ సాయంత్రం మానస పాఠాలన్నీ పైకి చదివి వినిపించేదనీ, ఈమె వినే నేర్చుకునేదనీ నాకు తెలియదు. పుస్తకం ఎందుకు తప్పు పుటలో ఉందని అడగాలని తోచలేదు. జవాబు సరిగ్గా ఉంది కదా, ఇంకేం కావాలి?

లెక్కల గదిలో కూడా మానసే ఆమెకు బోర్డు. సార్ రాస్తుంటే మానస గుసగుసగా చెప్పేది, నవ్య రాసుకునేది. నవంబరులో ఒకరోజు ఆ గుసగుస సార్ చెవిన పడింది.

"ఎవరది?"

ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"ఏం ముచ్చట పెడుతున్నరు?"

మానస నోరు తెరవబోయిందట. నవ్య బల్ల కింద నుంచి ఆమె చెయ్యి పట్టి లాగిందట. సార్ ఇంకేమీ అడగలేదు. మానసను ముందు బల్లకు మార్చారు. "మల్ల నోరు లేస్తే ఇద్దరు బయట నిలబడాలె" అన్నారు. తరగతి అంతా చూసింది. నవ్యకు బోర్డు కనబడదన్న సంగతి అక్కడున్న పిల్లల్లో సగం మందికి తెలుసు. ఒక్కరూ లేచి చెప్పలేదు. సార్ మాట్లాడొద్దన్నారు కదా.

ఆ తరువాతి పరీక్షలో నవ్యకు పాతికకు నాలుగు వచ్చాయి.

2023 ఫిబ్రవరిలో, బడి వదిలాక, ఊరి మూల మలుపులో పక్క నుంచి వస్తున్న మోటారు సైకిలును నవ్య చూసుకోలేదు. బండి మెల్లగానే వస్తోంది. మోచెయ్యి చీరుకుపోయింది, నుదుటి మీద చిన్న గాటు. నేనూ సుదర్శన్ సారూ అప్పుడే ఆటో ఎక్కబోతున్నాం. బండి నడిపిన పెద్దమనిషి, "హారన్ కొట్టిన సార్, ఈ పిల్ల నా దిక్కు తిరిగింది గూడ, అయినా వచ్చి తగిలింది" అన్నాడు. సార్ నవ్యను మందలించబోయి, ఎందుకో ఆగిపోయారు. నవ్య కింద పడ్డ తన చెప్పును వెతుక్కుంటోంది. చెప్పు ఆమె ఎడమ కాలి పక్కనే, జానెడు దూరంలో ఉంది. ఆమె చెయ్యి దాని చుట్టూ నేలను తడుముతోంది.

నుదుటికి కట్టు కట్టిన డాక్టరే, కంట్లో లైటు వేసి చూసి, హనుమకొండలో కంటి దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. మరునాడు యాకమ్మ, నవ్య, సార్, నేను నలుగురం పోయాం. అక్కడి డాక్టరమ్మ గంటన్నర పరీక్షలు చేసింది. తరువాత మమ్మల్ని కూర్చోబెట్టి, కంటి లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని తినేసిందని చెప్పింది. గ్లాకోమా అంటారు, నీటికాసులు అని కూడా అంటారు, పిల్లల్లో అరుదు, నొప్పి ఉండదు అన్నది. ఎడమ కన్ను దాదాపు పోయింది. కుడి కంటికి చుట్టుపక్కల చూపు పోయి, మధ్యలో కొంచెం మిగిలింది. అదీ మసకే.

"పోయింది రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఏడాదిన్నర ముందు వచ్చి ఉంటే చాలా వరకు దక్కేది" అని, నవ్య వైపు తిరిగి అడిగింది. "ఎప్పటి నుంచి సరిగా కనబడటం లేదమ్మా?"

"ఎనిమిదిల బడి తెరిచినప్పటి సంది మేడం. ముందుగాల పక్కలకు కనబడకపోతుండె. తర్వాత బోర్డు మసకైంది."

"మరి ఎవరికీ చెప్పలేదా? బళ్ళో మీ సార్‌కు చెప్పొచ్చు కదా?"

నవ్య ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, అడిగారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నట్టు అన్నది.

"సార్ అర్థమైందా అని అడుగుతడు మేడం. కనబడుతుందా అని అడగడు. అర్థమైందా అంటే అయింది అనాలె."

సుదర్శన్ సార్ నా పక్క కుర్చీలోనే ఉన్నారు. ఒళ్ళో ఉన్న గుడ్డసంచిని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు. నేను ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. ఏదో ఒకటి మాట్లాడాలని, "నవ్యా, జూలైలో బడిలో కండ్ల పరీక్ష చేసిండ్రు కదే. అప్పుడు నీకు బాగానే ఉన్నదని రాసిండ్రు" అన్నాను.

ఆ పిల్ల ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. "గది పాసైన టీచర్! లైన్ల నా ముందట పద్దెనిమిది మంది ఉండిరి. గోడ మీది అక్షరాలు వాళ్ళు సదువుతాంటే విని బట్టీ పట్టిన. ఒక్కటి గూడ తప్పు పోలే."

"ఎందుకట్ల చేసినవ్ బిడ్డా?"

"పరీక్ష కదా టీచర్" అన్నది, నేను ఇంత చిన్న విషయం అడిగినందుకు ఆశ్చర్యపోతూ. "ఫెయిలైతే మన బడికే మాటొస్తది."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. యాకమ్మకు సగమే అర్థమయింది. "మందులేస్తే తగ్గుతది గదా మేడం? జర మంచిగ చూడుండ్రి" అంటూ కూతురి వీపు నిమురుతోంది.

ఆ రోజు వరంగల్‌లో బస్సు దిగాక, సార్ నడిరోడ్డు మీద నిలబడి, "మేడం, ఇరవై నాలుగేండ్ల సంది నేను గా ఒక్క ప్రశ్ననే అడుగుతున్న" అన్నారు. తప్పు పుట పట్టుకొని చదివిన పిల్లను మెచ్చుకున్న సంగతి నాకు గుర్తుకొచ్చింది. అది నేను ఆయనకు చాలా రోజుల దాకా చెప్పలేదు.

మార్చిలో రెండు కళ్ళకూ ఆపరేషన్ చేశారు. చూపు పెరగడానికి కాదు, ఉన్నది ఆగడానికి. దవాఖానలో ఉన్న నాలుగు రోజులూ సార్ పోయి వచ్చారు. ఇంటికి తెచ్చాక ఒక ఆదివారం, "నాతోని వస్తరా మేడం? ఒక్కణ్ణే పోలేను" అంటే నేనూ వెళ్ళాను.

ఇంట్లో ఒకటే ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాన్ని యాకమ్మ కొంగుతో తుడిచి సార్‌కు వేసింది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చుంది. సార్ ఆ కుర్చీలో కూర్చోలేదు. పట్టుకొని నిలబడ్డారు.

"యాకమ్మా, తప్పు నాది" అన్నారు. "పిల్లకు కనబడ్తలేదని నేను అర్సుకోలే. పైంగ నిలబెట్టి తిట్టిన. చెప్పే దోస్తును గూడ దూరం కూసోబెట్టిన."

యాకమ్మ రెండు చెవులూ మూసుకుంది. "వద్దు సారూ, గట్లనొద్దు! మీరు గంత మాటంటే మాకు పాపం తగులుతది. మా రాత గట్లున్నది, మీరేం జేస్తరు? మీ అసుంటి సార్ దొరుకుడే మా అదృష్టం. దవాఖానకు గూడ వస్తిరి."

"కాదమ్మా, నేను చెప్పేది ఇను..."

ఆమె వినలేదు. లేచి వచ్చి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది. ఆయన వెనక్కి వెనక్కి జరిగి గోడకు తగిలారు. రాయమల్లు పొలం నుంచి వచ్చి విషయం విని, "ఫికర్ చేయకుండ్రి సారూ" అని తనే సార్‌కు ధైర్యం చెప్పాడు. చాయ్ ఇచ్చారు. మా కోసం పక్కింట్లోంచి పాలు తెచ్చి కాచిన చాయ్ అది. సార్ తాగలేక తాగారు.

ఆటోలో వస్తూ, "ఒక్కలన్న తిడితే మంచిగుండేది మేడం. ఎవ్వలు తిడతలేరు" అని ముఖం తిప్పుకున్నారు.

జూన్‌లో బడి తెరిచాక ఆయన మారడానికి ప్రయత్నం చేశారు. ప్రయత్నం అనే అంటాను. మొదటి రోజు పదో తరగతికి పోయి, "ఇగ నుంచి నేను చెప్పేది తెల్వకుంటే మధ్యల ఆపి అడగండ్రి. ఎవ్వలను ఏమనను" అన్నారు. పిల్లలు "సరే సార్!" అని ఒక్క గొంతుతో అన్నారు. ఒక లెక్క చేసి, "ఎవలకు తెలువలే? చేతులెత్తుండ్రి" అన్నారు. నలభై తలలు కిందికి వంగాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు మానసను లేపి, "నవ్యకు కనబడదని నాకెందుకు చెప్పలేదు బిడ్డా?" అని మెల్లగానే అడిగారు. ఆ పిల్లకు ఏడుపొచ్చింది. "మీరు మాట్లాడొద్దన్నరు సార్" అన్నది. తరగతి మొత్తం బిగుసుకుపోయింది. సార్ ఆ గంట ఇంకేమీ చెప్పలేక బయటికి వచ్చేశారు.

ఎత్తు ప్రకారం కూర్చోబెట్టడం మానేశారు. ఒక్కొక్కరి బల్ల దగ్గరికి పోయి వంగి చూడటం మొదలుపెట్టారు. దసరా వచ్చేసరికి ఒకరిద్దరు చిన్నగా అడగసాగారు. వాళ్ళతో పాటు గోల కూడా వచ్చింది. పాఠం నెమ్మదించింది. అర్ధ సంవత్సర పరీక్షల్లో మార్కులు తగ్గాయి. నలుగురు తండ్రులు హెడ్మాస్టరు దగ్గరికి వచ్చి, "సార్ మెత్తబడ్డడు. పోరలకు భయం పోయింది. మునుపటి లెక్క గట్టిగ చెప్పమనుండ్రి" అన్నారు. హెడ్మాస్టరు ఆయన్ను పిలిచి చెప్పారు. ఆయన "సరే సార్" అని వచ్చేశారు. చెప్పిన మాటకు ఎదురు చెప్పడం ఆయనకూ రాదు.

నవ్యను బడి మాన్పిద్దామనుకున్నారు ఇంట్లో. సార్ పట్టుబట్టి పదిలో ఉంచారు. రాసిపెట్టే మనిషి సాయంతో పరీక్ష రాయించవచ్చని దరఖాస్తులు ఆయనే పెట్టించారు. ప్రతి ఆదివారం రైలెక్కి పోయి, ఆ ఇంటి వాకిట్లో కూర్చొని, బోర్డు లేకుండా, సుద్ద లేకుండా నోటితో లెక్కలు చెప్పారు. బోర్డు లేకుండా చెప్పడం తనకు మొదట్లో చేతకాలేదని నాతో అన్నారు. "ఇది", "అది" అని వేలు చూపించే మాటలన్నీ పనికిరాకుండా పోయాయట.

ఒక ఆదివారం నేనూ వెంట ఉన్నాను. ఆయన లెక్క చెబుతూ మధ్యలో "ఏడెనిమిదులు యాభై నాలుగు" అన్నారు. నేను తలెత్తి చూశాను. ఆయన నాకు సైగ చేశారు, ఊరుకొమ్మని. కావాలనే తప్పు చెప్పారు. నవ్య ఆగలేదు. లెక్క చివరికి వచ్చి జవాబు చెప్పింది. సరైన జవాబు.

"యాభై నాలుగేస్తే గా జవాబెట్ల వస్తది నవ్యా?"

నవ్య తల వంచుకుంది.

"నేను చెప్పింది తప్పని నీకు తెల్వదా?"

"తెలుసు సార్. యాభై ఆరు."

"మరెందుకు చెప్పలే?"

నవ్య తన చున్నీ అంచును చీర కుచ్చిళ్ళలాగా మడతలు పెట్టింది. "మీరు సార్ కదా" అన్నది చివరికి.

ఆయన ఏడాదంతా అలా తప్పులు చెబుతూ వచ్చారు. నవ్య ఏడాదంతా వాటిని మనసులోనే దిద్దుకుంటూ వచ్చింది. ఒక్కసారి కూడా పైకి అనలేదు. సార్‌కు తెలియదేమోనని ఆయన తరఫున తానే సర్దుకుంటున్నట్టు ఉండేది ఆమె తీరు.

పదిలో పాసయింది. లెక్కల్లో మంచి గ్రేడే వచ్చింది. ఆ రోజు యాకమ్మ మిఠాయి పొట్లం పట్టుకొని బడికి వచ్చి మళ్ళీ గడప అవతలే నిలబడింది. సుదర్శన్ సార్ అప్పటికే ముందస్తు విరమణకు కాగితాలు పెట్టేశారు. ఇంకా ఐదేళ్ళ సర్వీసు ఉంది. ఎందుకు సార్ అని నేనడిగితే, "మునుపటి లెక్క చెప్పలేను, కొత్త లెక్క రాదు మేడం" అన్నారు. అప్పుడే నేను నా తప్పు పుట సంగతి ఆయనకు చెప్పాను. ఆయన విని, తన డబ్బాలోంచి ఒక పూరీ తీసి నా డబ్బాలో పెట్టారు.

నవ్యను హనుమకొండలో ఇంటర్లో చేర్చారు. హాస్టలు. కంటి చుక్కలు రోజుకు మూడుసార్లు వేసుకోవాలి. కుడి కంటికి మిగిలిన ఆ కొంచెం చూపు ఎన్నాళ్ళుంటుందో డాక్టరమ్మ కూడా చెప్పలేదు. చేర్చిన రోజు యాకమ్మతో సారూ నేనూ పోయాం. దారి పొడుగునా సార్ నవ్యకు ఒకటే మాట నేర్పుతున్నారు.

"క్లాసుల సార్ రాంగనే లేసి చెప్పాలె. ఏమని?"

"నాకు బోర్డు కనబడదు సార్, జర పైకి చదువుకుంట రాయండ్రి అని."

"మల్లొకసారి."

మళ్ళీ చెప్పింది. నాలుగుసార్లు చెప్పించారు. అప్పగించినట్టే చెప్పింది, ఎక్కడా తడుముకోలేదు.

మేము వరండాలో నిలబడ్డాం. గంట కొట్టాక పిల్లలందరూ బయటికి వచ్చారు. అందరి కంటే చివర, గోడ పట్టుకొని నవ్య వచ్చింది.

"చెప్పినవా?" అన్నారు సార్ ఎదురుపోయి.

"లేదు సార్. అందరు సప్పుడు చెయ్యక కూసున్నరు. రేపు చెప్త."

మరునాడు కూడా చెప్పలేదు. సార్ ఉండబట్టలేక తానే వచ్చి లెక్చరర్‌తో మాట్లాడతానని ఫోను చేశారు. వద్దన్నది. నేనే చెబుతాను సార్ అన్నది. ఆమె ఆయనకు వద్దని చెప్పడం అదే మొదటిసారి. ఆయన సంతోషించాలో బాధపడాలో తెలియక ఊరుకున్నారట.

ఐదో రోజు ఫోను వచ్చింది. ఆ సంగతి ఆయన మా ఇంటికి వచ్చి చెప్పారు. నా ఎదురుగా కూర్చొని, ఆ పిల్ల గొంతు ఎలా ఉందో అలాగే చెప్పడానికి ప్రయత్నం చేశారు.

నవ్య లేచి నిలబడిందట. మాట సగం వరకే వచ్చిందట, బోర్డు కనబడదు సార్ అన్నంత వరకు. తరగతిలో ఎవరో నవ్వారట.

"అప్పుడు లెక్చరర్ ఏమన్నడు బిడ్డా అని అడిగిన మేడం" అన్నారు ఆయన.

"ఏమన్నాడట?"

"సరే, కూర్చో అన్నడట. అని మునుపటి లెక్కనే, పైకి చదువకుండ బోర్డు మీద రాసుకుంట పోయిండట."

బయట మా వీధిలో కూరగాయల బండి పోతోంది. ఆయన లేచి నిలబడ్డారు. రేపు దవాఖానకు పోవాలి, నవ్య చుక్కలు అయిపోయాయి అని చెప్పి, చెప్పులు తొడుక్కున్నారు.